కన్వేయర్ కుదుపుకి 3 హెచ్‌పీ మోటార్ మందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఓవర్‌హెడ్ చైన్ కన్వేయర్ల (పైన ట్రాక్‌లో నడిచే చైన్‌కి సరుకు వేలాడదీసి కదిలించేవి) మీదే నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నాలుగూ చివరికి డ్రైవ్ దగ్గరికే, అంటే చైన్‌ని లాగే మోటార్, గేర్‌బాక్స్ దగ్గరికే వచ్చి ఆగాయి కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మాది జీడిమెట్లలో పౌడర్ కోటింగ్ షాపు. బాక్స్ ట్రాక్ (పెట్టె లాంటి గొట్టం లోపల చైన్ నడిచే రకం) కన్వేయర్ మొదట 80 మీటర్లు ఉండేది, పోయినేడాది ఓవెన్ పొడిగించినప్పుడు 120 మీటర్లకి పెంచాం. అప్పటినుంచీ చైన్ సాఫీగా నడవట్లేదు. ఆగి ఆగి కుదుపుతో వెళ్తోంది, హ్యాంగర్లు ఊగి పార్టులు ఒకదానికొకటి తగిలి, ఓవెన్‌లోకి వెళ్ళేలోపే పౌడర్ రాలిపోతోంది. 60 సెంటీమీటర్లకి ఒక హ్యాంగర్, ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ 15 కిలోలు. స్పీడ్ నిమిషానికి 1.5 మీటర్లు. లోడింగ్ తర్వాత 2 మీటర్లు పైకి ఎక్కి, పౌడర్ చల్లే బూత్, ఓవెన్, కూలింగ్ దాటాక కిందికి దిగుతుంది. డ్రైవ్ ప్యానెల్‌కి దగ్గరగా ఉండాలని లోడింగ్ పక్కనే పెట్టాం, టేకప్ (చైన్ వదులుని లాగి బిగించే భాగం) మాత్రం ఓవెన్ అవతల ఉంది. ఇప్పుడున్నది 1 హెచ్‌పీ మోటార్. ఫ్యాబ్రికేటర్ 3 హెచ్‌పీ వేద్దాం అంటున్నాడు. వేయమంటారా?
– ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: వద్దండీ, ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. ముందు మీ లైన్‌కి అసలు ఎంత బలం కావాలో ఇద్దరం కలిసి కాగితం మీద లెక్క వేద్దాం, ఈ లెక్క వేయకుండా డ్రైవ్ కొనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే పది నిమిషాల పని ఇది.

చక్రాలతో కలిపి మీ చైన్ మీటరుకి సుమారు 5 కిలోలు అనుకుందాం, 120 మీటర్లకి 600 కిలోలు. హ్యాంగర్లు 200, ఒక్కోటి కిలోన్నర చొప్పున 300 కిలోలు. లైన్‌లో ముప్పావు భాగం, అంటే 90 మీటర్ల మేర సరుకు వేలాడుతుంది, 150 హ్యాంగర్లు ఇంటూ 15 కిలోలు, 2,250. మొత్తం 3,150 కిలోలు. ఇదంతా చక్రాల మీద దొర్లేదే కాబట్టి మూడు టన్నులూ లాగక్కర్లేదు, రాపిడిని దాటితే చాలు. శుభ్రమైన ట్రాక్‌కి 2, 3 శాతం వేస్తారు. మీది పౌడర్ దుమ్ము, ఓవెన్ వేడి ఉన్న లైన్ కాబట్టి 4 శాతం వేద్దాం: 126 కిలోలు. ఇక ఎక్కుడు. సరుకుతో ఉన్న చైన్ మీటరుకి 32.5 కిలోలు, రెండు మీటర్ల ఎత్తుకి 65 కిలోలు. దిగే చోట ఆ బరువు కొంత తిరిగి సాయపడుతుంది కానీ పొద్దున్నే లైన్ మొదలెట్టినప్పుడు ఎక్కే వైపు సరుకుండి, దిగే వైపు ఖాళీగా ఉంటుంది కదా, అందుకని ఆ సాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇప్పటికి 191 కిలోలు.

మలుపుల సంగతి వేరు. అవి బలాన్ని కూడవు, గుణిస్తాయి. ఒక్కో మలుపు దగ్గర అప్పటిదాకా చైన్‌లో ఉన్న బిగువు మరో 3 శాతం పెరుగుతుంది. అడ్డం మలుపులు 8, ఎక్కే దిగే చోట్ల నిలువు వంపులు 4 అనుకుంటే మొత్తం 12, అంటే సుమారు 1.4 రెట్లు. బిగువంతా మొదటి మలుపు నుంచే ఉండదు కాబట్టి మొత్తాన్నీ 1.4తో గుణించడం కాస్త ఎక్కువ లెక్కే, పర్లేదు, ఎక్కువే ఉండనివ్వండి. 267 కిలోలు. ఆదివారం ఆగిన చైన్ సోమవారం పొద్దున కదలడానికి మొండికేస్తుంది కాబట్టి పావు వంతు కలుపుదాం: 335 కిలోలు.

దీన్ని న్యూటన్లలోకి మారిస్తే దాదాపు 3,290. స్పీడ్ సెకనుకి 0.025 మీటర్లు. రెండింటినీ గుణిస్తే 82 వాట్లు! గేర్‌బాక్స్ సగం తినేసినా 165 వాట్లు. అర హెచ్‌పీ మోటార్ అంటే 370 వాట్లు. మీ దగ్గరున్న 1 హెచ్‌పీ, కావాల్సిన దానికి నాలుగు రెట్లకి పైనే ఉంది.

ఇప్పుడు ఇదే లెక్క వెనక్కి వేయండి. 3 హెచ్‌పీ అంటే 2,200 వాట్లు. సగం గేర్‌బాక్స్‌కి పోయినా మిగిలిన 1,100 వాట్లని 0.025తో భాగిస్తే 44,000 న్యూటన్లు, అంటే నాలుగున్నర టన్నుల లాగుడు. మీ బాక్స్ ట్రాక్ చైన్ క్యాటలాగ్ తీసి అనుమతించిన చైన్ పుల్ ఎంతో చూడండి, ఈ రకం చిన్న చైన్లకి అది కొన్ని వందల కిలోలే ఉంటుంది. రేపు ఒక హ్యాంగర్ ఓవెన్ గోడకి చిక్కుకుందనుకోండి, 3 హెచ్‌పీ మోటార్‌కి ఆ విషయం తెలియను కూడా తెలియదు, చైన్ తెగేదాకా తాపీగా లాగుతూనే ఉంటుంది. స్లో స్పీడ్ లైన్లలో పెద్ద మోటార్ ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క అంకె చెప్తుంది.

మరి కుదుపు ఎక్కడినుంచి? ముందు మోటార్ అనుమానం తీర్చేసుకోండి. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) ఉంటే డిస్‌ప్లేలో టార్క్, అంటే తిప్పే బలం శాతం చూడండి, లేకపోతే కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ పెట్టండి. ఒక్క జాగ్రత్త, ఖాళీగా తిరిగే ఇండక్షన్ మోటార్ కూడా నేమ్‌ప్లేట్ కరెంటులో సగం దాకా లాగుతుంది, కాబట్టి సగం చూపించినంత మాత్రాన సగం లోడ్ పడుతోందని కాదు. కుదుపు వచ్చే క్షణంలో కూడా ముల్లు నేమ్‌ప్లేట్ అంకెకి దూరంగానే ఉంటే మోటార్‌కి బలం చాలకపోవడం కాదు.

ఆ తర్వాత డ్రైవ్ నుంచి చైన్ బయటికొచ్చే వైపు వెళ్ళి ఐదు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. ట్రాక్ గాడిలోంచి చూస్తే చైన్ లింకులు ఒకదాని మీదికొకటి ముడుచుకుని గుమిగూడుతూ, కాసేపటికి ఒక్కసారిగా సర్రుమని సాగుతూ కనిపిస్తాయని నా నమ్మకం. చైన్ కూడా తాడు లాంటిదే, లాగగలం కానీ నెట్టలేం. డ్రైవ్ లోపలికి వచ్చే వైపు చైన్ బిగుతుగా ఉంటుంది, వదిలే వైపు వదులుగా ఉంటుంది. ఆ వదులుని వెంటనే తీసుకోవాల్సింది టేకప్. మీ టేకప్ ఎక్కడో ఓవెన్ అవతల ఉంది! లైన్ 80 మీటర్లున్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చింది, పొడిగించాక వదులంతా లోడింగ్ దగ్గరే పోగుపడి, ఎక్కుడు మొదట్లో చైన్ తట్టుకుని, బిగువు పెరిగాక ఒక్క ఉదుటున కదులుతోంది. స్పీడ్ తక్కువ, చైన్ పొడవు ఎక్కువ, ఓవెన్‌లో నూనె మాడి చక్రాలు బిగుసుకోవడం, ఇవన్నీ తోడైతే కుదుపు ఇంకా పెరుగుతుంది.

తక్కువ ఖర్చులో చేయగలిగింది, టేకప్‌ని డ్రైవ్ అవుట్ వైపు, డ్రైవ్‌కీ లోడింగ్‌కీ మధ్యలోకి తేవడం. అది స్క్రూ టేకప్ అయితే దాన్ని కూడా మార్చి కౌంటర్ వెయిట్‌తో జరిగేది పెట్టండి. పౌడర్ వేడికి కరిగి గట్టిపడటానికి పది నిమిషాల క్యూరింగ్ కావాలంటే మీ స్పీడ్‌కి ఓవెన్‌లో 15 మీటర్ల చైన్ ఉంటుంది, అది 200 డిగ్రీల్లో దాదాపు 3 సెంటీమీటర్లు సాగుతుంది, చల్లారాక మళ్ళీ తగ్గుతుంది. స్క్రూ దాన్ని అనుసరించలేదు, పొద్దున బిగించింది మధ్యాహ్నానికి వదులు. బరువు లెక్కలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది: టేకప్ మలుపుకి రెండు పక్కలా చైన్ ఉంటుంది కాబట్టి 40 కిలోలు వేలాడదీస్తే ఒక్కో పక్కకి 20 కిలోలే పడుతుంది.

కాస్త ఖర్చు పెట్టగలిగితే డ్రైవ్‌నే మార్చండి. సరైన చోటు పైన, కూలింగ్ అయిపోయాక, దిగుడుకి ముందు. సరుకు బరువూ ఎక్కుడూ ఓవెన్ రాపిడీ అన్నీ కలిసి బిగువు తారస్థాయికి చేరేది అక్కడే. అక్కడ లాగితే, డ్రైవ్ దాటిన చైన్ తన బరువుకి తనే కిందికి దిగుతుంది, దిగిన చోట అన్‌లోడింగ్, లోడింగ్ మధ్య టేకప్ పెట్టుకుంటే వదులుకి దారి దొరుకుతుంది. ప్యానెల్ దూరమవుతుందని వెనకాడకండి, 20 మీటర్ల కేబుల్ ఎంతో మీకు తెలుసు. డ్రైవ్‌ని ఓవెన్ లోపలా, పార్టులు కడిగే ప్రీట్రీట్‌మెంట్ ఆవిరి తగిలే చోటా మాత్రం పెట్టొద్దు.

డ్రైవ్ మారిస్తే ఏ రకం వేయాలో కూడా చెప్తాను. స్ప్రాకెట్ (పళ్ళ చక్రం) డ్రైవ్ సులువైనది, చవక, కానీ 90 లేదా 180 డిగ్రీల మలుపు దగ్గరే పెట్టాలి. క్యాటర్‌పిల్లర్ డ్రైవ్‌లో ట్రాక్ పక్కన ఇంకో చిన్న చైన్ తిరుగుతుంటుంది, దాని పళ్ళు మీ చైన్ లింకుల్లో పడి లాగుతాయి, ఎదురుగా రోలర్లు చైన్ పక్కకి జరక్కుండా ఆపుతాయి. తిన్నగా ఉన్న ట్రాక్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మీకు కావలసిన చోటు తిన్నటి ట్రాక్ కాబట్టి నేనైతే క్యాటర్‌పిల్లరే వేస్తాను, అందులోనూ స్ప్రింగు మీద జరిగే ఫ్లోటింగ్ ఫ్రేమ్ ఉన్నది. లోడ్ పెరిగేకొద్దీ ఫ్రేమ్ వెనక్కి జరుగుతుంది, హద్దు దాటితే లిమిట్ స్విచ్ తగిలి మోటార్ ఆగిపోతుంది. ఆ స్ప్రింగుని అడ్డదిడ్డంగా బిగించేయకండి. లైన్ నిండా సరుకేసి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయండి, స్విచ్ తగలకుండా చైన్ కదిలేంత వరకే బిగించి, పైన కొద్దిగా, పదో పదిహేనో శాతం వదలండి.

గేర్ రేషియో విషయానికి వస్తే, వీఎఫ్‌డీ ఉంది కదా అని 10 హెర్ట్జ్‌లో నడిపే పరిస్థితి తెచ్చుకోవద్దు, మోటార్ ఫ్యాన్ షాఫ్ట్ మీదే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా తిరిగితే గాలి చాలక మోటార్ వేడెక్కుతుంది. 50 హెర్ట్జ్‌కి నిమిషానికి 2.5 మీటర్లు వచ్చేలా రేషియో తీసుకుంటే మీ 1.5 మీటర్లు 30 హెర్ట్జ్ దగ్గర పడతాయి. స్టార్టింగ్ ర్యాంప్, అంటే మెల్లగా స్పీడ్ అందుకునే సమయం, 5 నుంచి 10 సెకన్లు పెట్టండి.

ప్రశ్న: మా డ్రైవ్‌లో షియర్ పిన్ (లోడ్ మితిమీరితే ముందు తనే తెగి మిగతావాటిని కాపాడే పిన్) నెలకి మూడు నాలుగుసార్లు తెగుతోంది. ప్రతిసారీ గంట ప్రొడక్షన్ పోతోంది, పై నుంచి మాటలు పడుతున్నాం. దాని బదులు గట్టి బోల్టు వేసేయొచ్చా?
– ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్, గాజువాక

జవాబు: వేయొద్దు తమ్ముడూ. ఈ జవాబు మీ మేనేజర్‌కి కూడా చూపించు.

నేను మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెయింట్ షాపులో సరిగ్గా ఇదే జరిగింది. పిన్ తెగి తెగి విసుగెత్తి ఎవరో 8.8 గ్రేడ్ గట్టి బోల్టు వేసేశారు. రెండు వారాలు హాయిగా నడిచింది, అందరూ సంతోషించారు. ఒక నైట్ షిఫ్టులో పొడవాటి ఫ్రేమ్ ఒకటి అడ్డంగా తిరిగి ఓవెన్ వాకిలికి పట్టుకుంది. పిన్ ఉండి ఉంటే టప్ మని తెగి అక్కడితో అయిపోయేది. బోల్టు తెగలేదు. మోటార్ మూలుగు పెరిగింది, అంతే, ఆ తర్వాత ఎక్కుడు పైభాగంలో చైన్ తెగింది. తెగిన చైన్ సరుకుతో సహా ఏటవాలు మీంచి కిందికి దొర్లుకుంటూ వచ్చింది, ఒకదాని వెనకాల ఒకటి గుద్దుకుంటూ, ఆ చప్పుడు గేటు దాకా వినిపించింది. లోడింగ్ దగ్గర నిలబడే ఇద్దరూ ఆ సమయానికి టీకి వెళ్ళారు కాబట్టి బతికారు. నాకిప్పటికీ ఎక్కుడున్న లైన్ కింద నిలబడాలంటే ముందు పైకి చూడటం అలవాటు. ఎక్కే చోట చైన్ వెనక్కి జారకుండా పట్టుకునే స్టాపు, దిగే చోట పరుగెత్తకుండా ఆపే స్టాపు మీ లైన్‌కి ఉన్నాయో లేదో ఇవాళే చూసుకో, లేకపోతే పెట్టించమని రాసి మరీ ఇవ్వు.

ఇక పిన్ ఎందుకు తెగుతోందో వెతకాలి. ఎప్పుడు తెగిందో, ఏ హ్యాంగర్ ఎక్కడున్నప్పుడు తెగిందో ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టు. సోమవారం పొద్దుటే తెగుతుంటే బిగుసుకున్న చక్రాలు, ఎండిన చైన్. ఎప్పుడూ ఒకే చోట తెగుతుంటే అక్కడి ట్రాక్ జాయింట్ లేచి ఉంటుంది లేదా మలుపు రోలర్ పట్టేసి ఉంటుంది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ తెగుతుంటే మోటార్‌ని డైరెక్ట్ ఆన్ లైన్‌లో, అంటే ఒక్కసారిగా పూర్తి కరెంట్ ఇచ్చి, కుదిపి లేపుతున్నారని అర్థం. ఏ తీరూ లేకుండా తెగుతుంటే పిన్నే తప్పు కావచ్చు, బయట టర్నింగ్ చేయించినప్పుడు మెటీరియల్ మారినా, గాడి వ్యాసం అర మిల్లీమీటరు తగ్గినా అది వేరే పిన్ అయిపోతుంది. డ్రైవ్ తయారుచేసినవాళ్ళ డ్రాయింగ్ ప్రకారం ఒక డజను చేయించి, డబ్బాలో పెట్టి డ్రైవ్ పక్కనే వేలాడదీయి. పిన్ చేతికందితే మార్చడానికి గంట పట్టదు, బోల్టు వేయాలనే ఆలోచనా రాదు.

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర మా చికెన్ ప్రాసెసింగ్ ప్లాంటులో ఒకే చైన్ మీద మూడు డ్రైవ్‌లు ఉన్నాయి. ఒక మోటార్ కాలిపోతే కొత్తది వేశాం, అప్పటినుంచీ ఆ కొత్తదే ఎక్కువ కరెంట్ లాగి ట్రిప్ అవుతోంది. కొత్త మోటార్‌లో లోపమా?
– ప్లాంట్ ఇంజనీర్

జవాబు: లోపం కాకపోవచ్చు. పాత రెండింటి నేమ్‌ప్లేట్ మీద ఆర్‌పీఎం చూడండి, కొత్తదాని మీదా చూడండి. పాతవి 1415, కొత్తది 1440 అయ్యుంటే మీ జబ్బు అదే. మూడూ ఒకే చైన్‌కి కట్టేసి ఉన్నాయి కాబట్టి ఒకే స్పీడ్‌లో తిరగాలి. ఆ స్పీడ్‌లో తక్కువ స్లిప్ ఉన్న మోటార్, అంటే లోడ్ పడ్డా స్పీడ్ తక్కువగా పడిపోయే 1440ది, ముందుకు లాగాలని చూస్తుంది, ఎక్కువ స్లిప్ ఉన్నవి దాని వెనక నడిచిపోతాయి. ఎద్దుల జోడీలో ఒకటి చురుకైతే కాడి బరువంతా దాని మెడ మీదే పడినట్టు. మూడూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రేషియో ఉండాలి, స్పేర్ కూడా అదే కొనిపెట్టుకోవాలి. మూడింటికీ ఒకే వీఎఫ్‌డీ అయితే ఒక్కో మోటార్‌కి విడిగా థర్మల్ ఓవర్‌లోడ్ రిలే తప్పనిసరి. విడివిడి వీఎఫ్‌డీలైతే అందులో డ్రూప్ అనే సెట్టింగ్ ఉంటుంది, లోడ్ పడ్డ మోటార్ కాస్త తగ్గి మిగతావాటికి పని పంచుతుంది. ఏ ఒక్కటి ట్రిప్ అయినా మూడూ ఆగేలా ఇంటర్‌లాక్ చూసుకోండి, లేకపోతే మిగిలిన రెండూ ఆగిన డ్రైవ్‌ని కూడా ఈడుస్తాయి.

స్పీడ్ ఎంతో మీరు రాయలేదు. కోళ్ళని వేలాడదీసే షాకిళ్ళు ఆరంగుళాలకి ఒకటి, గంటకి 3,000 కోళ్ళు అయితే నిమిషానికి 50, అంటే 7.6 మీటర్లు. పౌడర్ కోటింగ్ లైన్‌కి ఇది ఐదు రెట్లు, కాబట్టి మీ దగ్గర పవర్ లెక్కకి నిజంగానే విలువుంది, జీడిమెట్ల పాఠకుడికిచ్చిన జవాబు చూసి చిన్న మోటార్లకి దిగిపోకండి. రోజూ ప్రెషర్ నీళ్ళతో కడుగుతారు కాబట్టి మోటార్లు ఐపీ 66 (దుమ్ము, నీటి ధార లోపలికి పోని రకం), గేర్ ఆయిల్, చైన్ ఆయిల్ ఫుడ్ గ్రేడ్ ఉండాలి.

ఇంకో ముచ్చట. 1913లో హెన్రీ ఫోర్డ్ కంపెనీ హైలాండ్ పార్క్‌లో కదిలే అసెంబ్లీ లైన్ మొదలుపెట్టినప్పుడు, ఆ ఊహకి మూలం షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో గొడ్డు మాంసాన్ని పైన ట్రాలీల మీద కదిలించే పద్ధతేనని ఫోర్డ్ స్వయంగా చెప్పాడు. కార్ల ఫ్యాక్టరీలు మీలాంటి లైన్ చూసి నేర్చుకున్నాయి, మీరు వాటిని చూసి కాదు.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ డ్రైవ్ ఒకటి తక్కువకి వస్తోంది, వార్మ్ గేర్‌బాక్స్ (స్క్రూ లాంటి షాఫ్ట్ పళ్ళ చక్రాన్ని తిప్పేది) ఉన్నది. తీసుకోవచ్చా? వార్మ్ అయితే బ్రేక్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?
– ఒక చిన్న పరిశ్రమ యజమాని, గన్నవరం

జవాబు: రెండో దానికి ముందు చెప్తాను, నిజం కాదు. ఎక్కువ రేషియో వార్మ్ వెనక్కి తిరగడానికి మొరాయిస్తుంది కానీ అదురు తగిలితే, అరిగితే జారుతుంది. ఎక్కుడున్న లైన్‌లో దాని మీద మనుషుల ప్రాణాలు పెట్టకండి. 60 రేషియో వార్మ్ దాదాపు 40 శాతం శక్తిని వేడిగా తినేస్తుంది, హెలికల్ బెవెల్ అనే ఇంకో రకం గేర్‌బాక్స్ అయితే ఐదారు శాతమే. అయినా చిన్న, స్లో లైన్‌కి వార్మ్ చాలు, కరెంట్ బిల్లులో పెద్ద తేడా ఉండదు.

కొనేటప్పుడు టేపు తీసుకెళ్ళండి. పేరుకి 3 అంగుళాల, 4 అంగుళాల చైన్ అంటారు గానీ 348 ఫోర్జ్‌డ్ చైన్ అసలు పిచ్ (లింకు నుంచి లింకుకి దూరం) 76.6 మిల్లీమీటర్లు, 458ది 102.4. స్ప్రాకెట్ మీ చైన్‌కి కాకపోతే డ్రైవ్ ఉచితంగా ఇచ్చినా దండగే. మీ పాత చైన్ కూడా పది లింకులు బిగుతుగా లాగి కొలవండి, కొత్తదాని కన్నా 3 శాతం సాగి ఉంటే మంచి స్ప్రాకెట్‌ని కూడా అది పాడు చేస్తుంది. నేమ్‌ప్లేట్ మీద రేషియో చెరిగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ చేత్తో తిప్పుతూ అవుట్‌పుట్ ఒక చుట్టు రావడానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టండి, ఓపిక పడితే ఐదు నిమిషాలు. అవుట్‌పుట్ షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ కదపండి, టకటకమని ఆట ఎక్కువుంటే పళ్ళు అరిగాయి. చివరగా డ్రెయిన్ ప్లగ్ విప్పించి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని ఎండలోకి వచ్చి వేలితో రుద్ది చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు, పాత నూనె అలాగే ఉంటుంది. నలుపులో బంగారు రంగు తళుకు మెరిస్తే మాత్రం కంచు వార్మ్ వీల్ అరిగి నూనెలో కలిసినట్టే, చెయ్యి తుడుచుకుని వచ్చేయండి.